కుర్చీలాటలో ఆరుగురు

2010 సెప్టెంబరు 7న అమెరికాలో సైఫై అనే కేబుల్ చానెల్లో ఒక కుస్తీ కార్యక్రమం మూడో విడత మొదలైంది. పేరు ఎన్ఎక్స్‌టి. డబ్ల్యుడబ్ల్యుఇ కంపెనీ ఫ్లోరిడాలో తర్ఫీదు ఇస్తున్న కొత్తవాళ్ళను జనానికి పరిచయం చేయటానికి పెట్టిన షో అది. అదే ఏడాది ఫిబ్రవరిలో మొదలైన తొలి విడతలో ఎనిమిది మంది మగవాళ్ళు, రెండో విడతలో మరో ఎనిమిది మంది మగవాళ్ళు. మూడో విడతకి ఆరుగురు ఆడపిల్లలు. ఒక్కొక్కరికి ఒక సీనియర్ గురువు. వారం వారం కుస్తీలు, పోటీలు, ఓట్లు, వెళ్ళిపోవటాలు. పదమూడు వారాలు నడిచి నవంబరు 30న ముగిసింది. కుస్తీ అభిమానులు ఈ విడతను గుర్తు చేసుకోవటమంటే ఇప్పటికీ ముక్కు చిట్లించటమే. కంపెనీ చరిత్రలో అతి చెత్త షోల జాబితా ఎవరు వేసినా ఇది అందులో ఉంటుంది.

ఆ పదమూడు వారాలూ ఈ మధ్య కూర్చుని చూశాను. చెత్తగా ఉన్నమాట నిజమే. కానీ ఆ చెత్త ఎవరు పోశారన్నది ఎవరూ అడిగినట్టు లేదు.

కుస్తీకీ మనకీ ఏమిటి సంబంధం అనుకునేవాళ్ళుంటారని తెలుసు. నా తరంలో, గోదావరి జిల్లాల్లో పెరిగిన వాళ్ళకి సంబంధం ఉంది. తాడేపల్లిగూడెంలో వేసవి సెలవులంటే మాకు డబ్ల్యుడబ్ల్యుఎఫ్ ట్రంప్ కార్డులు. ఒక్కో కార్డు మీద ఒక వస్తాదు బొమ్మ, పక్కన ర్యాంకు, ఎత్తు, బరువు, కండల కొలత. అన్నయ్యలు, వాళ్ళ స్నేహితులు అరుగు మీద ఆడుతుంటే ఆడపిల్లలం చుట్టూ చేరి కొలతలన్నీ కంఠతా పట్టేవాళ్ళం. మా చేతికొచ్చిన కట్టలో ఆడమనిషి కార్డు ఒక్కటీ లేదు. లేదని అప్పుడు అనిపించలేదు కూడా. టీవీలో కుస్తీ వచ్చే వేళకి వంటింట్లోంచి 'అదంతా ఉత్తుత్తి కొట్లాట, కట్టేయండ్రా' అని కేక వినిపించేది. ఎవరూ కట్టేవాళ్ళు కాదు.

ఉత్తుత్తి అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. ఇందులో గెలుపోటములు ముందే రాసిపెట్టి ఉంటాయి. మరి చూడటమెందుకు అంటారు. మా అమ్మమ్మ వాళ్ళది కొల్లేరు పక్క ఊరు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి వెళ్ళి, రాత్రంతా చాప మీద కూర్చుని కురుక్షేత్రం పద్యనాటకం చూసిన ఆవిడకి దుర్యోధనుడు ఓడిపోతాడని తెలియదా? కృష్ణుడు రాయబారానికి వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొస్తాడని తెలియదా? ఆమె ఎదురుచూసింది పద్యం కోసం. ఎవరెంత బాగా ఎత్తుకుంటారు, రాగం ఎక్కడిదాకా తీస్తారు, వన్స్‌మోర్ పడుతుందా లేదా అని. టీవీ కుస్తీ కూడా అంతే. ఫలితం రాసిందే. దెబ్బ తగిలినట్టు పడటం, పడుతూ అవతలి మనిషి మెడ విరగకుండా కాయటం మాత్రం నేర్చుకోవలసిన విద్య. రోలాఁ బార్త్ 1957లో వచ్చిన 'మిథాలజీస్'లో కుస్తీ మీద రాసిన వ్యాసం మనలో చాలామంది ఎం.ఏ. సిలబస్‌లో చదివిందే. కుస్తీ ఆట కాదు, ప్రదర్శన అని ఆయన అంతకుముందే తేల్చాడు. ప్రదర్శన అన్నాక ఎవరి పాత్రకి ఎన్ని పద్యాలు ఇచ్చారు, ఎవరిని పాడనిచ్చారు అన్న ప్రశ్న వస్తుంది. నేను అడగదలుచుకున్నది అదే.

మొదటి ఎపిసోడ్‌కి వద్దాం. ప్రకటించిన ఆరుగురిలో అలోయిసియా అనే అమ్మాయి ఉంది. ఆరడుగుల తొమ్మిది అంగుళాల ఎత్తు. ప్రపంచంలోకెల్లా పొడుగైన ఆడ వస్తాదు అని ప్రచారం చేశారు. తీరా షో మొదలయ్యేసరికి ఆమె లేదు. గురువుగా పెట్టిన వికీ గెరెరో ఆమెను తీసేసినట్టు కథ అల్లి, ఆ చోటులో కైట్లిన్ అనే అమ్మాయిని తెచ్చారు. తెర వెనక కారణం ఏదైనా, తెర మీద మనకి మిగిలింది ఇది: అందరికంటే పొడుగైన ఆడది ఒక్క పట్టు కూడా పట్టకుండా వెళ్ళిపోయింది. మన ఊళ్ళలో ఇలాంటి అమ్మాయికి 'మగరాయుడు' అని పేరు పెడతారు. కొల్లేరు లంకల్లో తడిసిన వల లాగే ఆడవాళ్ళని, ఆకివీడు, కైకలూరు వైపు రొయ్యల షెడ్లలో తెల్లవార్లూ చల్లటి నీళ్ళలో నిలబడి తలలు తీసే ఆడవాళ్ళని చూసినవాళ్ళెవరూ స్త్రీకి బలం లేదనరు. కానీ ఆ బలానికి 'పని' అనే పేరు తప్ప బలం అనే పేరు లేదు. తెలుగునాట బలం అనగానే గుర్తొచ్చేది కోడి రామమూర్తి ఒక్కడే.

కైట్లిన్ కండలు పెంచే పోటీల్లోంచి వచ్చింది. కుస్తీ తర్ఫీదు మొదలుపెట్టి అప్పటికి నెలలే. నవోమీ బాస్కెట్‌బాల్ జట్టు ఒర్లాండో మ్యాజిక్‌కి డ్యాన్సరుగా పనిచేసింది. అక్సానా లిథువేనియా నుంచి వచ్చిన బాడీబిల్డర్. మాక్సీన్, జేమీ శిక్షణ కేంద్రంలోని కొత్తవాళ్ళు. ఆరుగురిలో పొట్టిది, సన్నటిది ఏజే. న్యూజెర్సీ అమ్మాయి. 2007 నుంచి చిన్న చిన్న హాళ్ళలో కుస్తీ పడుతూ వచ్చింది. పూర్తి కొత్తవాళ్ళనీ, అంతో ఇంతో అనుభవం ఉన్నవాళ్ళనీ ఒకే గాటన కట్టి, ఒక్కొక్క కుస్తీకి రెండు మూడు నిమిషాలిచ్చారు. మిగతా సమయమంతా పోటీలు: డ్యాన్సు, అడ్డంకుల పరుగు, జోకులు చెప్పటం, కుర్చీలాట.

అవును, మనం మ్యూజికల్ చైర్స్ అంటామే, అదే. పాట ఆగగానే కుర్చీ పట్టుకోవాలి. దాన్ని చూస్తూ నవ్వుకున్నాను, కాసేపటికి నవ్వు పోయింది. మార్చి 8 వస్తే ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఏ ఆఫీసు, ఏ కాలేజీ గడప తొక్కినా ఆడవాళ్ళకి పెట్టేది ఈ ఆటే కదా. కుర్చీలాట, స్పూనులో నిమ్మకాయ, ముగ్గులు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసున్న లెక్చరర్లు, పంచాయతీ కార్యదర్శులు, అంగన్వాడీ టీచర్లు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని కుర్చీల చుట్టూ పరిగెడుతుంటే, వేదిక మీంచి మైకు పట్టుకున్న పెద్దమనిషి 'మేడమ్ గారు జారిపోతున్నారు, జాగ్రత్త' అని సరసాలాడుతుంటాడు. ఒక ఏడాది నేనూ పరిగెత్తాను. ఆటలో తప్పు లేదు, ఆడవాళ్ళు నిజంగానే సరదాపడతారు. కానీ ఏడాదికొక్కరోజు వేదిక ఇచ్చి ఆరోజున కూడా కుర్చీ కోసం ఒకరినొకరు తోసుకోమనటంలో ఏదో ఉంది.

న్యాయంగా ఒకమాట చెప్పాలి. ఎన్ఎక్స్‌టి మగవాళ్ళ విడతల్లోనూ వెర్రి పోటీలున్నాయి. పీపాలు మోయించారు, కూల్‌డ్రింకులు తాగించారు. కానీ వాళ్ళు పీపా దించాక దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. కుస్తీ గురించి మాట్లాడారు. మొదటి విడత ఎనిమిది మంది ఆ జూన్‌లో ఒక ముఠాగా పెద్ద షో మీదికి దండెత్తి రింగుని పీకి పందిరేసి, ఆ ఏటి ప్రధాన కథ అయ్యారు. అమ్మాయిల విడతలో పోటీయే కథ, కుస్తీ విరామం.

ఇక మైకు సంగతి. మైకేల్ కోల్, జాష్ మాథ్యూస్ అనే ఇద్దరు వ్యాఖ్యాతలు. రింగులో ఇద్దరు అమ్మాయిలు కుస్తీ పడుతుంటారు. వీళ్ళు మాత్రం ఇది ఎంత చెత్తగా ఉందో, ఎప్పుడు అయిపోతుందో, తాము ఇంకెక్కడైనా ఉంటే ఎంత బాగుండేదో మాట్లాడుకుంటారు. సెప్టెంబరులో నాలుగు ఎపిసోడ్లయ్యాక చానెల్లో చోటు పోయింది. అదే కంపెనీకి చెందిన స్మాక్‌డౌన్ ఆ చానెల్‌కి మారింది. అక్టోబరు 5 నుంచి మిగిలిన తొమ్మిది ఎపిసోడ్లూ కంపెనీ వెబ్‌సైటులోనే. చూసేవాళ్ళు తగ్గాక ఎగతాళికి అడ్డు లేకుండా పోయింది.

కోల్ ఆ రోజుల్లో దుష్టపాత్ర వేస్తున్నాడు, ఆ మాటలు పాత్రలో భాగమేనని సమర్థించేవాళ్ళున్నారు. ఒప్పుకుందాం. అయితే ఆ పాత్ర ఎవరు రాశారు? ఆ కంపెనీలో వ్యాఖ్యాతల చెవిలోకి హెడ్‌సెట్ ద్వారా అధిపతి విన్స్ మెక్‌మాన్ మాటలు వచ్చేవని మాజీ వ్యాఖ్యాతలే చాలాసార్లు చెప్పారు. అంటే సరుకు తయారుచేసిన దుకాణదారే అంగడి ముందు నిలబడి నా సరుకు పుచ్చిపోయింది అని అరవటం. అరిచినందుకు నష్టం దుకాణానికి రాలేదు. ఆ ఆరుగురికి వచ్చింది.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నాకు ఇది పీఠికల్లాగే వినిపించింది. స్త్రీ పుస్తకానికి మగ పండితుడు రాసే ముందుమాట మనకి కొత్త కాదు. చదవబోయే వాళ్ళకి ఎలా చదవాలో, ఎక్కడ జాలిపడాలో, ఎక్కడ మన్నించాలో ముందే చెప్పేస్తుంది. ముద్దుపళని సంగతే చూడండి. రాధికా సాంత్వనం మీద కందుకూరి వీరేశలింగం రాసిన మాటలు ఆ కావ్యం కంటే ముందు పాఠకులను చేరాయి. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని పరిష్కరించి అచ్చువేస్తే మరుసటి ఏడాదే ప్రభుత్వం ప్రతులు పట్టుకుపోయింది. కావ్యం మళ్ళీ బయటికి రావటానికి దేశానికి స్వాతంత్ర్యం రావలసి వచ్చింది. ఆ మధ్యకాలమంతా లోకానికి దక్కింది వ్యాఖ్యానమే, పద్యం కాదు. తంజావూరు ఆస్థాన కవయిత్రినీ టీవీ కుస్తీనీ ఒకచోట పెట్టానని కోపగించుకునేవాళ్ళు కోపగించుకోవచ్చు. పాఠాన్ని వ్యాఖ్యానం మింగేసే పద్ధతి మాత్రం రెండుచోట్లా ఒకటే.

నేనొక పని చేశాను. ఆ ఎపిసోడ్లలో కొన్నిటిని శబ్దం ఆపేసి చూశాను. కుస్తీలు గొప్పగా మారిపోలేదు. కైట్లిన్ అడుగులు తడబడుతూనే ఉన్నాయి. కానీ ఇతర సంగతులు కనబడ్డాయి. ఏజే తన కంటే పెద్ద మనిషి కింద పడుతున్నప్పుడు చూసేవాళ్ళ ప్రాణం గుటుక్కుమనేలా పడటం. తడబడ్డ తోటి అమ్మాయిని అవతలి మనిషి చేత్తో సర్ది, మళ్ళీ వరసలోకి తేవటం. ప్రత్యర్థి అనుకున్నవాళ్ళు ఒకరి శరీరాన్ని మరొకరు కాపాడుకుంటున్నారు. మాటల మధ్య ఇది ఒక్కసారి కూడా నా కంట పడలేదు.

ఈ విడతలో ఒక పెళ్ళి కూడా ఉంది. అక్సానాని వీసా కారణంగా దేశం నుంచి పంపేస్తారని కథ. గురువు గోల్డస్ట్ అనే నడివయసు వస్తాదు ఆమెను పెళ్ళాడి ఆపుతానంటాడు. నవంబరు 2న రింగులోనే పెళ్ళి జరిపించారు. తంతు ముగియగానే పెళ్ళికూతురు పెళ్ళికొడుకు చెంప ఛెళ్ళుమనిపించి వెళ్ళిపోయింది. జనం నవ్వారు, అరిచారు. గ్రీన్‌కార్డు కోసం మగవాణ్ణి వాడుకునే పరాయిదేశపు ఆడది అన్నది అక్కడ అందరికీ అర్థమయ్యే జోకు. మా జిల్లాల్లో ఈ కథ తిరగేసి నడుస్తుంది. అమెరికా సంబంధమని ఎకరాలు అమ్మి కట్నమిచ్చి పంపిన అమ్మాయిలు హెచ్-4 వీసా మీద, ఉద్యోగం చేసే హక్కు లేకుండా, భర్త దయ మీద ఏళ్ళకేళ్ళు ఉన్నారు. 2015లో వాళ్ళలో కొందరికి పని అనుమతి ఇచ్చేదాకా బ్యాంకు ఖాతాలో సొంత సంపాదన అన్నది లేదు. చెంపదెబ్బ కొట్టే వీలు ఎవరికీ రాలేదు. ఆ సన్నివేశాన్ని ఏలూరులోనో భీమవరంలోనో కూర్చుని చూసే ఆడవాళ్ళకి నవ్వు ఇంకోచోట వస్తుంది.

అసలు ఆడవాళ్ళ కుస్తీని జనం ముందుగా అనుమానంతోనే చూశారు. మన దేశంలో 1954లో హమీదా బాను బరోడాలో బాబా పహిల్వాన్‌ను ఒక నిమిషం ముప్ఫయి నాలుగు సెకన్లలో ఓడించింది. తనను ఓడించినవాణ్ణి పెళ్ళాడతానని ఆమె సవాలు విసిరిందని పత్రికలు రాశాయి. గెలిచినప్పుడల్లా అది ముందే మాట్లాడుకున్న కుస్తీ అన్న గొణుగుడు వెంటే ఉండేది. ఓడిన మగవాడి గురించి అడగాల్సిన ప్రశ్న గెలిచిన ఆడదాన్ని అడిగేవారు. ఆమె తిండి కొలతలు, బరువు పత్రికల నిండా ఉన్నాయి. ఆమె పట్టే పట్ల గురించి వెతికితే దొరికేది కొంచెమే.

2010 నవంబరు 30న కైట్లిన్ గెలిచింది, నవోమీ రెండో స్థానం. అందరికంటే ముందు వెళ్ళిపోయింది జేమీ, వెబ్‌సైటుకి మారిన తొలి రాత్రే. తర్వాత కథ వ్యాఖ్యాతలు చెప్పినట్టు నడవలేదు. 2013 జనవరిలో కైట్లిన్ కంపెనీ ఆడవాళ్ళ బిరుదు గెలుచుకుంది. జూన్‌లో ఆమె నుంచి దాన్ని గెలుచుకున్నది ఏజే. 295 రోజులు నిలుపుకుంది. ఆ బిరుదు పేరు అప్పటికింకా 'దివాస్ చాంపియన్‌షిప్', పట్టీ మీద గులాబీ రంగు సీతాకోకచిలుక. మగవాళ్ళు 'సూపర్‌స్టార్లు', ఆడవాళ్ళు 'దివాలు'. 2016 ఏప్రిల్ 3న గానీ ఆ సీతాకోకచిలుక ఎగిరిపోలేదు.

ఎన్ఎక్స్‌టి కూడా మారింది. 2012లో పోటీ షో వేషం వదిలేసి, ఫ్లోరిడాలోని ఫుల్ సెయిల్ విశ్వవిద్యాలయం హాల్లో, అసలు సిసలు శిక్షణ కార్యక్రమంగా మళ్ళీ మొదలైంది. అదే ఏడాది సారా అమాటో అనే అనుభవమున్న వస్తాదుని కంపెనీ శిక్షకురాలిగా తీసుకుంది. నేర్పేచోట ఒక ఆడమనిషి ఉండటం వల్ల ఏం మారుతుందో తెలుసుకోవటానికి సిద్ధాంతం అక్కర్లేదు, గడియారం చాలు. 2015 ఫిబ్రవరి 23న కంపెనీ పెద్ద షోలో నలుగురు ఆడవాళ్ళ కుస్తీ ముప్ఫయి సెకన్లలో ముగిసింది. అదే ఏడాది అక్టోబరు 7న ఎన్ఎక్స్‌టిలో బేలీ, సాషా బ్యాంక్స్ ముప్ఫయి నిమిషాలు కుస్తీ పట్టారు, ఆ రాత్రి ఆఖరి, ప్రధాన కుస్తీగా. ఈ మార్పుని కంపెనీ తన 'మహిళా విప్లవం' అని అమ్ముకుంది. మన దగ్గర సబ్బుల కంపెనీలు మహిళా సాధికారతను అమ్మినట్టే. అయినా ఆ ముప్ఫయి నిమిషాలు ఎవరూ దానంగా ఇచ్చినవి కావు. ముప్ఫయి సెకన్ల కుస్తీ రాత్రి లక్షలమంది ప్రేక్షకులు కంపెనీని నిలదీశారు. రోజుల తరబడి ఆపలేదు.

2023 సెప్టెంబరు 8న ఆ కంపెనీ హైదరాబాదు వచ్చింది. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో రియా రిప్లీ, నటాల్యా మహిళల ప్రపంచ బిరుదు కోసం తలపడ్డారు. ఈ నటాల్యానే 2019 అక్టోబరు 31న రియాద్‌లో, ఒళ్ళంతా కప్పే దుస్తుల్లో, సౌదీ అరేబియాలో కంపెనీ తొలి ఆడవాళ్ళ కుస్తీ పట్టింది. గచ్చిబౌలి రాత్రికి మూడు నెలల ముందే, మే 28న, ఢిల్లీ రోడ్ల మీద వినేశ్ ఫోగాట్, సాక్షి మలిక్‌లను పోలీసులు ఈడ్చుకుపోయారు. రాసిపెట్టిన ఫలితాలు లేని కుస్తీలో పతకాలు తెచ్చినవాళ్ళు. సమాఖ్య అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణ చేశారు, ఆయన కాదన్నాడు. ఆ తర్వాత ఏడాది జనవరిలో విన్స్ మెక్‌మాన్ మీద ఒక మాజీ ఉద్యోగిని లైంగిక దాడి, ట్రాఫికింగ్ ఆరోపణలతో దావా వేసింది. ఆయనా కాదన్నాడు, పదవి మాత్రం వదిలాడు. హెడ్‌సెట్‌లో మాటలు అందించిన మనిషి గురించి ఇది తెలిశాక 2010 నాటి ఎగతాళిని పాత్రలో భాగం అని తేలిగ్గా వదిలేయటం నా వల్ల కావటం లేదు.

ఏజే 2015లో కుస్తీ మానేసి, 2017లో 'క్రేజీ ఈజ్ మై సూపర్‌పవర్' అనే ఆత్మకథ రాసింది. పేదరికం, అద్దె కట్టలేక ఊళ్ళు మారిన బాల్యం, తల్లి మానసిక అనారోగ్యం, తనకీ బైపోలార్ అని తేలటం. కంపెనీ ఆమెకి రింగులో 'పిచ్చిపిల్ల' వేషం కట్టింది. ఆ మాటనే పుస్తకానికి పేరుగా పెట్టుకుంది. స్త్రీల ఆత్మకథల మీద పనిచేసేవాళ్ళు ఈ పుస్తకాన్ని కూడా చేతికి తీసుకుంటే బాగుంటుంది. పీఠిక చదవాల్సిన పని లేదు. పదేళ్ళ తర్వాత, 2025 సెప్టెంబరులో, ఆమె మళ్ళీ రింగులోకి వచ్చింది.

అప్పటికి కొద్ది వారాల ముందే నవోమీ వెళ్ళింది. 2010లో డ్యాన్సరు పిల్ల అని వ్యాఖ్యాతలు పక్కన పెట్టిన మనిషి ఆ జూలైలో మహిళల ప్రపంచ బిరుదు గెలుచుకుంది. ఆగస్టు 18న రింగు మధ్యలో నిలబడి, తాను గర్భవతినని, బిరుదు వదులుకుంటున్నానని మైకులో చెప్పింది.